రాయైపోయిన పిల్ల బరువు

మా అమ్మ గుండె ఆపరేషన్‌కు ఒప్పుకుంటుందా లేదా అన్నది ఒక ఇంగ్లీషు నవల చేతిలో పడింది. డాక్టరు చేతిలో ఉందంటారు, దేవుడి చేతిలో ఉందంటారు. సముద్రాల అవతల అచ్చయిన పుస్తకం చేతిలో ఉందని ఎవరైనా చెప్పగా నేను వినలేదు. నా ఇంట్లోనే చూశాను.

మాది మాచర్ల పక్కన. నాపరాళ్ళను కోసి, నున్నగా పాలిష్ పట్టే యూనిట్‌లో నేను కొలతలు, లెక్కలు చూస్తాను. చదివింది ఏడో తరగతి. లెక్క నాకు బడి నేర్పలేదు, రాయి నేర్పింది. పలకలు దొంతరగా పేర్చి ఉంటే అంచు చూసి ఎన్ని అడుగుల రాయి ఉందో చెబుతాను. ఇల్లు కట్టుకునేవాళ్ళు గది పొడవు, వెడల్పు చెబితే, మూలల్లో ఎంత తుక్కు పోతుందో కూడా కలిపి చెబుతాను. ఇప్పటిదాకా ఎవరూ వెనక్కి వచ్చి రాయి చాలలేదని అనలేదు. ఆ ధీమాయే నన్ను ముంచింది.

మా అమ్మ వయసులో ఉండగా క్వారీలో తట్ట మోసింది. అక్కడ ఆడవాళ్ళు ఎండ మరిచిపోవడానికి కథలు చెప్పుకునేవాళ్ళు. కథ వినేవాళ్ళు ఊ కొట్టాలన్నది అందరికీ తెలిసిందే. క్వారీ ఆడవాళ్ళకు దాని మీద ఇంకో కట్టుబాటు ఉండేదట. చెప్పిన మనిషి అయిపోయిందని అన్నంత మాత్రాన కథ అయిపోదు. విన్న మనిషి ఆఖరి ఊ కొడితేనే అయినట్టు. ముగింపు నచ్చకపోతే వినే మనిషి నోరు బిగించుకుని కూర్చుంటుంది. అప్పుడు చెప్పే మనిషి మర్నాడు మళ్ళీ మొదలుపెట్టి, ఆ కథను ఒప్పుకునే చోటుకు చేర్చాల్సిందే.

ఈ కట్టుబాటును అమ్మ నా కూతురికి నేర్పింది. పిల్ల ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతోంది. దానికి ఇంగ్లీషు నవలల పిచ్చి. అందులోనూ భాగాలు భాగాలుగా వచ్చే ఒక వరస మీద ప్రాణం. మన పాత కథల్లాంటివే తీసుకుని, వయసు పిల్లల కోసం పెద్ద పెద్ద నవలలుగా మళ్ళీ రాశారు. ఒక భాగంలో నిద్రపోయిన రాజకుమారి, ఒక భాగంలో సవతి తల్లి కింద నలిగిన పిల్ల. ఆ అన్నిటి మధ్య నుంచీ ఒక కుమ్మరి పిల్ల నడుచుకుంటూ పోతుంటుంది. మంత్రగత్తె ఒకతె ఆ పిల్ల తమ్ముణ్ణి రాయిగా మార్చి, ఏడు వాకిళ్ళ అవతల నిలబెట్టింది. వాణ్ణి మనిషిని చేసి ఇంటికి తెచ్చుకోవాలని ఆమె బయల్దేరింది.

నా కూతురు కాలేజీలో చదివినంత చదివి, దీపాలు పెట్టే వేళకు అరుగు మీద కూర్చుని నాయనమ్మకు తెలుగులో చెప్పేది. అమ్మ గోడకు ఆనుకుని ఊ కొట్టేది. నడుమ నడుమ తగువులు.

"సవతి తల్లి కథ మా అమ్మ చెప్పిందేనే. అందులో చెప్పు లేదు, కాలి కడియం ఉంది. నీ కాలేజీవాళ్ళు మార్చారు."

"కాలేజీవాళ్ళు కాదు నాయనమ్మా, పుస్తకంలోనే అట్టా ఉంది."

"పుస్తకంలోకి యాణ్ణించి వచ్చింది? వాళ్ళమ్మ ఎవరో తప్పు చెప్పుంటది."

అమ్మకు ఆయాసం మొదలైంది నాలుగో భాగం నడుస్తుండగా. అరుగు దిగి పంపు దాకా పోయి రావడానికి మధ్యలో నిలబడేది. గుంటూరు తీసుకెళ్ళాం. గుండెలో వాల్వు ఒకటి మూసుకుపోతోందని, ఆపరేషన్ చేస్తే మామూలుగా తిరుగుతుందని, జాప్యం మాత్రం చేయొద్దని డాక్టరు చెప్పాడు. అమ్మ ఆయన ముందు తల ఊపింది. కారు ఎక్కాక, "నేను రాను" అంది.

కారణం నాకు తెలుసనే అనుకున్నాను. అమ్మకు ఒక అక్క ఉండేది. నా చిన్నప్పుడు ఆమెను కడుపునొప్పితో గుంటూరు ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఆమె అక్కడే పోయింది. వానలు, వాగులు పొంగాయి, బండి దొరకలేదు. మగవాళ్ళు అక్కడే కార్యం ముగించి చేతులు ఊపుకుంటూ వచ్చారు. అమ్మ ఆ సంగతి ఎప్పుడూ విప్పి చెప్పలేదు. ఆసుపత్రికి పోయిన మనిషి చచ్చిపోతుందని భయపడుతోందని నేను లెక్క కట్టుకున్నాను.

రోజూ బతిమాలాం. నా భార్య కోప్పడింది కూడా. "పిల్ల పెళ్ళి చూడవా అత్తా?" అని అడిగితే, "ఫోటో పెట్టుకోండి, చూస్తా" అంది.

నాలుగో భాగం చివర కుమ్మరి పిల్ల ఏడో వాకిలి ముందు నిలబడింది. తలుపు మీద చెయ్యి వేసింది. అక్కడితో ఆపేశారు. ఆఖరి నవల ఇంకా రాలేదు. ఆ సాయంత్రం అమ్మ, ఎవరూ అడగకుండానే, మా అందరి ముందూ అంది.

"ఆ పిల్ల ఇల్లు చేరితే నేనూ వస్తా ఆపరేషన్‌కి. చేరకపోతే నన్ను కదిలించబాకండి."

నేను నవ్వబోయాను. అమ్మ మొహం చూసి ఆగిపోయాను. అమ్మ ఒకసారి మాట అన్నదంటే అది శాసనం. క్వారీ మేస్త్రీలు కూడా ఆమె మాటకు వెనక్కి తగ్గేవాళ్ళు.

ఆ ఆఖరి నవల కోసం మా ఇంట్లో నా కూతురి కంటే నేనే ఎక్కువ ఎదురుచూశాను. బజారులో కొరియర్ బండి కనబడితే ఆపి అడిగేవాణ్ణి. చివరికి వచ్చింది. ఇటుకంత ఉంది. అట్ట మీద వాకిలి బొమ్మ. నేను పిల్లను పక్కకు పిలిచి, "ముందు చివరి కాయితం చూడవే" అన్నాను.

"చూడను నాన్నా. అట్టా చూస్తే చదివినట్టే కాదు."

"అక్కడ మీ నాయనమ్మ ప్రాణం ఉంది!"

"అందుకే చూడను. చూస్తే నా మొహంలో తెలిసిపోద్ది. నాయనమ్మ పట్టేస్తది."

అది నిజమే. నాకు ఇంగ్లీషు రాదు. అక్షరాలు కూడబలుక్కుంటాను గానీ అర్థం కాదు. ఇక నాకు మిగిలింది నాకు వచ్చిన విద్య ఒక్కటే. పిల్ల గుర్తుగా పెట్టుకున్న రిబ్బను దగ్గర పుస్తకం తెరిచి, అంచు చూసేవాణ్ణి. చదివినది ఎంత మందం, మిగిలినది ఎంత మందం. ఆ పిల్ల ఎక్కడిదాకా వచ్చిందో కూతుర్ని అడిగేవాణ్ణి. దారి ఎంత, కాయితం ఎంత అని బేరీజు వేసేవాణ్ణి.

ఆఖరి ఆదివారం నాటికి కుమ్మరి పిల్ల తమ్ముడి రాతి బొమ్మ ముందుకు చేరింది. అమ్మ ఇక ఆగలేకపోయింది. "చదివొచ్చి చెప్పేది లేదు. నా ముందే చదువు, చదువుతా చెప్పు" అంది. పిల్ల పుస్తకం ఒళ్ళో పెట్టుకుంది. నా భార్య కూడా చేట పట్టుకుని వచ్చి కూర్చుంది.

మంత్రగత్తె కుమ్మరి పిల్లను ముళ్ళ మీద నడిపించింది. అమ్మ చెయ్యి చీర కుచ్చెళ్ళను పిసుకుతోంది.

"బతుకుద్దంటావా?" అని నా భార్య నా చెవిలో అడిగింది.

నేను లేచి వెళ్ళి పుస్తకం అంచు చూశాను. మిగిలినది నా బొటనవేలు మందం. అందరికీ వినబడేలాగే చెప్పాను.

"భయపడాల్సిన పని లేదమ్మా. ఇంకా చానా కాయితాలున్నాయి. పిల్ల ఇప్పుడు చస్తే ఇన్ని కాయితాల్లో ఏం రాస్తారు? మంత్రగత్తె చావుకు కొంచెం పోయినా, వెనక్కి నడిచి రావడానికి, ఇంటికి చేరడానికి, పప్పన్నాలు పెట్టడానికి సరిగ్గా సరిపోద్ది. చేరుద్ది. నాదీ పూచీ."

అమ్మ నా వైపు చూసింది. ఆ చూపులో నమ్మకం ఉంది. యూనిట్‌లో ఏనాడూ నా లెక్క తప్పలేదని ఆమెకు తెలుసు. "ఊ" అని, "కానీయవే" అంది పిల్లతో.

పిల్ల ఒక కాయితం తిప్పింది. ఇంకొకటి తిప్పింది. మంత్రగత్తె అంటోంది: ఒక రాయి మనిషైతే ఒక మనిషి రాయి కావాలి, ఈ వాకిట్లో లెక్క అదే. కుమ్మరి పిల్ల తమ్ముడి చెంప మీద చెయ్యి పెట్టింది. తమ్ముడు దగ్గాడు. వాడి కనురెప్ప కదిలింది. అక్క వేళ్ళు తెల్లబడ్డాయి. మోచెయ్యి. భుజం. నా కూతురు చదవడం ఆపింది.

"ఇంకా?" అంది అమ్మ.

"రాయైపోయింది నాయనమ్మా."

"ఇంకా? తమ్ముడు ఏం చేశాడు?"

"ఏడ్చాడు. ఆమె చుట్టూ పూలతోట వేశారు. రాజులు, రాణులు వచ్చి దణ్ణాలు పెట్టారు. ఏటా ఆ రోజున దీపాలు పెడతారంట."

"అక్కడే ఉంచేశారా?"

"అక్కడే."

పిల్ల మళ్ళీ కాయితం తిప్పింది. ఆగిపోయింది. వెనక్కి తిప్పింది, ముందుకు తిప్పింది. దాని మొహం పాలిపోవడం చూశాను.

"అయిపోయింది" అంది.

"అయిపోవడమేంది!" అని నేనే అరిచాను. "ఇంకా బొటనవేలంత ఉందిగా! చదువు!"

"ఇది కథ కాదు నాన్నా. ఇదేమో పుస్తకం రాసినావిడ అందరికీ థాంక్సులు చెప్పుకోవడం. ఇదేమో ఊళ్ళ పేర్లు ఎట్టా పలకాలో. ఈ మిగిలిందంతా ఆవిడ రాసిన వేరే నవలలో మొదటి భాగం. అది కొనుక్కోమని ఇక్కడ అతికించారు."

అరుగు మీద కూలబడ్డాను. పలకల దొంతర కింద రెండు వరసలు పగిలిన తుక్కు రాళ్ళు పరుస్తారు, మంచి రాయికి బురద అంటకుండా. అంచు చూసి లెక్క కట్టేవాడు ముందు ఆ రెండు వరసలు తీసేయాలి. కొత్తగా పనిలో చేరిన ప్రతివాడికీ నేను చెప్పే మొదటి పాఠం అది. పుస్తకం అడుగున కూడా తుక్కు పరుస్తారని నాకు తట్టలేదు.

"నీ లెక్కలు తగలెయ్య" అంది నా భార్య. ఆమె కళ్ళలో నీళ్ళు.

అమ్మ మాత్రం నన్ను చూడలేదు. పిల్లనే చూస్తోంది.

"పుస్తకం రాసినావిడా? రాసినావిడేందే?"

"రాసింది ఒకావిడ నాయనమ్మా. ఇదిగో ఫోటో."

అట్ట వెనక ఒక ఆడమనిషి కుక్కను ఎత్తుకుని నవ్వుతోంది. అమ్మ పుస్తకం చేతిలోకి తీసుకుని, దూరం పెట్టి, దగ్గర పెట్టి చూసింది. ఇన్నాళ్ళూ ఆమె ఈ కథలు కూడా తన కథల్లాంటివే అనుకుంది. ఎవరూ కట్టనివి, ఒక నోటి నుంచి ఇంకో నోటికి వచ్చినవి, జరిగింది జరిగినట్టు చెప్పుకునేవి. దీని వెనక ఒక మనిషి కూర్చుని ఉందని ఆమె ఊహించలేదు.

"ఈమె బతికే ఉందా?"

"ఉంది."

"అంటే ఆ పిల్లను కావాలనే రాయిని చేసిందా? ఇంటికి చేర్చాలంటే చేర్చగలిగుండీ?"

"అంతే నాయనమ్మా."

"మళ్ళా నవ్వుతందే!"

అమ్మ పుస్తకం కింద పెట్టింది. పెదాలు బిగించింది. మాకు అర్థమైంది. ఊ కొట్టలేదు.

తరువాతి రోజుల్లో ఇల్లు ఇల్లులా లేదు. నేను యూనిట్‌లో ఒక ఆర్డరు తప్పు చెప్పబోయి, నాలుక్కరుచుకుని, మళ్ళీ కొలిచాను. ఇంటికి వస్తే అమ్మ గోడకు ఆనుకుని, ఊపిరి ఎగబీలుస్తూ, వీధి వైపు చూస్తూ ఉండేది. ఆపరేషన్ మాట ఎత్తితే తల తిప్పుకునేది. నేను కూతుర్ని మళ్ళీ బతిమాలాను.

"కట్టుబాటు ఉందిగా. ఊ కొట్టలేదంటే నువ్వు మళ్ళా చెప్పాలి. రాయి కరిగిందని చెప్పు. దేవుడు వచ్చాడని చెప్పు. ఏదో ఒకటి."

"రోజూ ఆలోచిస్తన్నా నాన్నా. రాయి కరిగితే తమ్ముడు మళ్ళీ రాయవ్వాలి. వాకిట్లో లెక్క అదేగా. ఎట్టా చెప్పినా ఎవరో ఒకరు మిగిలిపోతన్నారు."

నా కూతురేనని అప్పుడు నాకు బాగా తెలిసింది. లెక్క తెగని చోట అబద్ధం చెప్పలేకపోయింది.

ఒక రోజు మధ్యాహ్నం నేను భోజనానికి వచ్చాను. చెయ్యి కడుక్కుంటుంటే అమ్మ పిలిచింది.

"ఒరేయ్, ఒక లెక్క చెప్పు. మనిషంత మనిషి రాయైపోతే ఎంత బరువుంటది?"

కథ సంగతని తెలిసినా, లెక్క అడిగేసరికి నా మనసు దాని దారిన అది పోయింది. మనిషి నీళ్ళలో మునిగీ మునగకుండా తేలుతాడు, అంటే నీళ్ళంత బరువు. మన రాయి నీళ్ళకు రెండున్నర రెట్లకు పైనే. కుమ్మరి పిల్ల వయసు, ఒడ్డూ పొడుగూ మా పిల్లలాంటివే; మా పిల్ల నలభై ఆరు కిలోలు.

"నూట ఇరవై కిలోలు. అటూ ఇటూగా."

"ఎంతమంది మోస్తారు?"

"నలుగురు చాలమ్మా. క్వారీలో అంతకంటే పెద్ద బండలు మోయలేదా?"

"నలుగురు చాలు" అంది అమ్మ. "మరి ఆ తమ్ముడికి ఏం పుట్టింది? నలుగుర్ని పిలుచుకోలేకపోయాడా? పూలతోట ఎవడు వెయ్యమన్నాడు వాణ్ణి? వాళ్ళమ్మ వాకిట్లో కూర్చుని చూస్తా ఉంటది గందా! రాయైతే రాయి. రాయిగానే తీసుకురావాల్సింది."

నలుగురు అన్న మాట నేనే అన్నాను. నలుగురు మోసేది ఏమిటో ఆ క్షణం దాకా నాకు గుర్తు రాలేదు. తడి చేతులతో అలాగే నిలబడిపోయాను.

"మా అక్కను అక్కడే కాల్చొచ్చారు" అంది అమ్మ. గొంతులో ఏడుపు లేదు. "వాగు పొంగిందన్నారు. వాగు తీసిందాకా ఆగొచ్చుగా? నేను వాకిట్లో కూర్చున్నా. మగోళ్ళు వచ్చారు, వాళ్ళ ఎనక ఎవరూ లేరు. ఇంకా వస్తందేమోనని ఆ సందు మలుపు వైపే చూశా. ఇప్పటికీ చూస్తానే ఉన్నా."

నేను ఇన్నాళ్ళూ ఆమె చావుకు భయపడుతోందనుకున్నాను. డాక్టరు చెప్పిన ధైర్యాలన్నీ, బతికేవాళ్ళే ఎక్కువమంది అన్న మాటలన్నీ పదే పదే ఆమె చెవిలో పోశాను. ఆమె అడిగింది అది కానే కాదు. ఇల్లు చేరుతుందా అని అడిగింది. ఆ ఒక్కటే అడిగింది.

"నన్ను తెస్తావా?" అంది అమ్మ. "ఎట్టున్నా సరే. వాగులున్నా, వానలున్నా. అక్కడ వదిలేసి వచ్చి ఫోటోకి పూలదండ ఏస్తే ఒప్పుకోను."

"అమ్మా, నువ్వు నడిచొస్తావే..."

"లెక్క చెప్పమన్లా. మాట చెప్పమన్నా."

"తెస్తా" అన్నాను. మళ్ళీ అన్నాను. "ఎట్టున్నా ఇంటికి తెస్తా. నేనే ఒక భుజం పడతా."

అమ్మ నా మొహంలోకి చూసింది. పలకలో పగులుందేమోనని వేలితో తట్టి వినేవాళ్ళు చూసినట్టు చూసింది. ఆ తరువాత అంది.

"ఊ."

అంతే. వెంటనే నా భార్యను పిలిచి, ఆసుపత్రికి ఏ చీరలు సర్దాలో చెప్పడం మొదలుపెట్టింది. నేను అన్నం ముందు కూర్చున్నాను గానీ ముద్ద దిగలేదు. కన్నతల్లికి పాడె మోస్తానని మాటిచ్చి, అందుకు ఆమె సంతోషించడం చూసిన వాడికి అన్నం ఎట్లా దిగుతుంది?

ఆపరేషన్ అయింది. బయట బెంచీ మీద నేను ఏ లెక్కా కట్టలేదు, కట్టడానికి భయం వేసింది. డాక్టరు బయటికొచ్చి బాగుంది అన్నాడు.

అమ్మ కారులో ముందు సీట్లో కూర్చుని వచ్చింది. నరసరావుపేట దాటాక కళ్ళు తెరిచి, దారి పొడవునా ఏ ఊరొచ్చిందో అడుగుతూనే ఉంది. మా సందు మలుపు దగ్గర కారు ఆపించింది. దిగలేదు. కాసేపు అద్దంలోంచి మా వాకిలి వైపు చూసి, "ఇక పోనీ" అంది.

నాలుగు రోజులు పోయాక, దీపాలు పెట్టే వేళ, మా కూతుర్ని కేకేసింది.

"ఏమే, ఆ పుస్తకం రాసినామెకు ఫోన్లో ఏదో రాయొచ్చన్నావుగా?"

"మెయిల్ పంపొచ్చు నాయనమ్మా. చదువుద్దో లేదో."

"చదవకపోతే ఆమె ఖర్మ. ఆ తమ్ముడు నలుగుర్ని పిలిచి, అక్కను ఇంటికి మోసుకొచ్చాడని పంపు. గడప పక్కన నిలబెట్టాడని, వాళ్ళమ్మ పొద్దున్నే నీళ్ళు పోసి కడుగుద్దని పంపు. నవ్వుతా కూర్చుంటే కాదని కూడా చెప్పు."

పిల్ల నిజంగానే ఫోను తీసింది. టైపు చేస్తూ చేస్తూ ఆగి, నా వైపు తిరిగింది.

"నాన్నా, ఎన్ని కిలోలన్నావు?"